నాలుగు గాలాలు తక్కువ

"ముందు కాఫీ తాగనియ్యరా," అంది బోదిల్.

తోర్‌కిల్ తల్లి ముందుకు తోసిన కాగితం వెన్నగిన్నెకీ యాలకుల రొట్టెల పళ్ళానికీ మధ్య పడి ఉంది. దాని మీద పెన్ను. తల్లికి ఆ శ్రమ కూడా లేకుండా పెన్ను మూత తనే తీసి పెట్టాడు. ఆదివారం మూడు గంటల కాఫీకి ఆ ఇంట్లో ఎవరి మోకాలు నొప్పి పుడుతోంది, ఎవరి పడవ మరమ్మతుకు వెళ్ళింది అన్న కబుర్లే నడిచేవి. ఇవాళ ఆ ఊసే లేదు. కోడలు ఇంగె నిండుగా ఉన్న కప్పుల్లోనే మళ్ళీ కాఫీ పొయ్యబోయి, చూసుకుని, కూజా పక్కన పెట్టేసింది.

కాగితంలో ఉన్నది నాలుగే వాక్యాలు. బోదిల్ కలెసో అనే తాను, తన గొంతును డాన్సు పాటలో వాడుకోవడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, ఆ పాటను ఆపవలసిందని. నాలుగింటికి ప్రార్థన మందిరం సభ్యులు వచ్చి దాన్ని తీసుకెళ్తారు. రేపు పొద్దున కోపెన్‌హాగన్‌లోని రికార్డు కంపెనీకి అందుతుంది. శుక్రవారం రావలసిన పాట ఇక రాదు. ఆ గొంతు తీసేస్తే దానిలో మిగిలేది డప్పు ఒక్కటే.

మారెన్ కిటికీకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెకు ముప్పై ఆరేళ్ళు. బెర్లిన్‌లో డీజేగా నిలబడి ఆమె చెయ్యెత్తితే మూడు వేలమంది చేతులెత్తారు. ఈ ఇంట్లో మాత్రం ఇంకా పదిహేనేళ్ళ పిల్లకు చెప్పినట్టే చెబుతున్నారు.

"అది భక్తిగీతం కాదు నాన్నా. గాలాల లెక్క," అంది. పొద్దుటినుంచి ఈ మాట అనడం నాలుగోసారి.

"రేడియోలో భక్తిగీతమనే చెప్పారు."

"రేడియోవాడికేం తెలుసు? మన యాస వాడి తాత కూడా విని ఉండడు."

గురువారం పొద్దున జరిగిన పని అది. పశ్చిమ తీరపు పాత భక్తిగీతం ఇక డాన్సు హాళ్ళలో మారుమోగబోతోందని రేడియో మనిషి హుషారుగా చెప్పాడు. మధ్యాహ్నానికల్లా వలల కొట్టాలన్నిటికీ ఆ వార్త పాకింది. ఆ ఊరి ప్రార్థన మందిరంలో పేకాట, తాగుడు, డాన్సు అని మూడు పాపాలుంటాయి. మూడింట్లోకీ డాన్సే పెద్దన్న. దేవుడి పాటకు డాన్సు చేయించిన పిల్ల ఎవరయ్యా అంటే, పద్దెనిమిదేళ్ళుగా ఆ మందిరానికి అధ్యక్షుడిగా ఉన్న తోర్‌కిల్ కూతురాయె. శుక్రవారం సాయంత్రం ఏడుగురు సభ్యులూ కూర్చుని, గంటన్నర తర్జనభర్జన పడి, ఈ కాగితం రాశారు.

"నువ్వు విన్నావా దాన్ని?" అని అడిగింది మారెన్.

తోర్‌కిల్ పెన్నును కాగితం మీద తిన్నగా సర్దాడు.

"మీ ఏడుగురిలో ఎవరైనా విన్నారా?"

"అలాంటివి మేమెందుకు వింటాం?"

వినడమంటే డాన్సు సంగీతం పెట్టుకోవడమే కదా. అది పాపం. అందుకని ఏడుగురు పెద్దమనుషులు చెవులు మూసుకునే ఒక పాటకు శిక్ష వేశారు. మారెన్‌కి నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. నిందించేవాడికి కనీసం వినే ఓపికైనా ఉండాలని ఆమెకు గట్టిగా అనిపించింది, ఆ మాటే తండ్రి మొహం మీద అనేసింది.

తోర్‌కిల్ గొంతు పెంచే మనిషి కాదు. కోపం వచ్చినకొద్దీ అతని గొంతు తగ్గుతుంది. "పదిహేడేళ్ళుగా నువ్వక్కడ ఏం చేస్తున్నావో మేం అడగలేదు," అన్నాడు మెల్లగా.

"అడగాల్సింది."

ఎవరూ అడక్కపోయినా ఆమె చెప్పింది. పంతొమ్మిదేళ్ళప్పుడు కోపెన్‌హాగన్ వెళ్ళి ఒక క్లబ్బులో గ్లాసులు కడిగింది. డీజేలు వచ్చేముందు వాళ్ళ రికార్డు సంచులు మోసింది. ఆర్హుస్‌లో ఒక నేలమాళిగలో మొదటిసారి తను డీజేగా నిలబడ్డ రోజున వినడానికి వచ్చింది పదకొండు మంది, అందులో ఇద్దరు బారు పనివాళ్ళే. నోరు తెరిస్తే యాస విని నవ్వుతున్నారని రెండేళ్ళు అవసరానికి మించి మాట్లాడలేదు. మారా వి. అని ఒక పేరు అతికించుకుంది. బార్సిలోనా, బేరూత్, ఇస్తాంబుల్, ఎక్కడికి పిలిస్తే అక్కడికి ఆ పేరుతోనే వెళ్ళింది. ఆ పేరుతోనే మూడు రికార్డులు చేసింది. వాటన్నిటిలోనూ ఈ తీరం తాలూకు మాట ఒక్కటి లేదు, తనే లేకుండా చూసుకుంది. అలా చేసినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టిన రోజులున్నాయి.

"ఈ పాట మీద మాత్రం మారెన్ కలెసో అని వేయించాను," అంది. "నా సొంత పేరుతో వస్తున్న మొదటి పాట ఇది. తియ్యను."

"ఆ పేరు నీ ఒక్కదానిదే కాదు."

"నాది కూడా. అది మర్చిపోతున్నావు నువ్వు."

ఆ మాటకు బల్ల దగ్గర అందరూ కప్పుల్లోకి చూశారు. బయట గాలికి జెండాకర్ర తాడు టకటక కొట్టుకుంటోంది.

బోదిల్ కాఫీ ఆఖరి గుక్క దాకా తాగింది. రొట్టెముక్క అంచు మీది వెన్న నాలుకతో అద్దుకుంది. ఎనభై అయిదేళ్ళ మనిషి, ఎవరి తొందరా ఆమెకు పట్టదు. కప్పు సాసరులో పెట్టి, చెవిలో యంత్రం సర్దుకుని, మనవరాలి వైపు తిరిగింది.

"వినిపించవే," అంది.

ఈ ఇంట్లో వద్దన్నాడు తోర్‌కిల్. ఈ ఇల్లు తన మొగుడు కట్టిందని, ఇష్టం లేనివాళ్ళు బయటికెళ్ళి గాలి పీల్చుకోవచ్చని బోదిల్ చెప్పింది. చెప్పడంలో కోపమేం లేదు, వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పింది. తోర్‌కిల్ లేచి నడవలోకి వెళ్ళి కోటు తగిలించుకుని, బూట్లు తొడుక్కోవడానికి స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు వెయ్యలేదు. పాట మొదలై ముగిసేదాకా ఆ బూట్లు అతని కాళ్ళకు ఎక్కనేలేదు.

మారెన్ చిన్న స్పీకరు బల్ల మీద పెట్టింది. ముందు డప్పు వచ్చింది, నాలుగేసి దెబ్బలు, గుండె కొట్టుకున్నట్టు ఒకే తీరున. సాసర్లలో చెంచాలు వణికాయి. తరువాత బోదిల్ గొంతు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ఒక్కో దెబ్బకు ఒక్కో అంకె, పొడిగా, ఉప్పగా, కాస్త బొంగురుగా. పదహారు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి వచ్చింది. కింద ఆర్గన్ శ్రుతి లేచింది, గొంతు దానిమీద తేలింది, మళ్ళీ డప్పు వచ్చి కలిసింది.

మూడేళ్ళ కిందట ఈ వంటింట్లోనే రికార్డు చేసిన గొంతు అది. పెద్ద పడవలు రాకముందు ఆ తీరంలో మగవాళ్ళు గాలాల తాళ్ళతో వేటకెళ్ళేవాళ్ళు. కొట్టాల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆల్చిప్పల మాంసం ఒక్కో గాలానికీ ఎరగా గుచ్చేవాళ్ళు. చేతులు తిమ్మిరెక్కకుండా, లెక్క తప్పకుండా, కాలితో నేలను తడుతూ పైకే లెక్కపెట్టేవాళ్ళు. వేల గాలాలు. ప్రపంచంలో డాన్సు హాళ్ళలో మోగే హౌస్ సంగీతమంతా తన నానమ్మ కాలి దగ్గరే పుట్టిందని ఆ రోజు మారెన్‌కి అనిపించింది. ఆ సంతోషం ఆమెను మూడేళ్ళపాటు వదల్లేదు.

బోదిల్ అరచెయ్యి బల్ల మీద ఆనించి వింది. కాలు కదపలేదు. పక్కింటావిడ గుచ్చిన గాలాలు తనిఖీ చేస్తున్న మనిషిలా, ఎక్కడ వదులుందో చూస్తున్నట్టు వింది.

పాట ఆగింది. మారెన్ నానమ్మ మొహమే చూస్తోంది. బేరూత్‌లో కూడా ఇంత భయం వెయ్యలేదు ఆమెకు.

"అంత తీసిపారెయ్యాల్సిందేం కాదు," అంది బోదిల్.

ఇంగె చప్పున తలెత్తి చూసింది. ఆ తీరంలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పెళ్ళిరోజున మొగుడు ఓలుఫ్ కూడా బోదిల్‌ని చూసి అంతే అన్నాడట. మారెన్ కళ్ళు చెమర్చాయి, వాటిని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

"కానీ నాలుగు గాలాలేవే?" అని అడిగింది బోదిల్.

"ఏ నాలుగు?"

"లెక్క ఇరవైకి. నువ్వు పదహారు దగ్గరే మళ్ళీ మొదటికొచ్చావు. పుంజీడు గాలాలు మింగేశావు. అలాంటి తాడు మా అమ్మకిస్తే నా మొహాన కొట్టేది."

హౌస్ పాటలో ఏ లెక్కైనా నాలుగు, ఎనిమిది, పదహారు. మారెన్ పదిహేడేళ్ళు ఆ లెక్కలోనే బతికింది. ఆ రోజు నానమ్మ గొంతు పదహారు దాటగానే తనకు కావలసింది దొరికిందనుకుని, రికార్డు యంత్రం కట్టేసి, ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ తరువాత బోదిల్ ఇంకా ఏదో చెప్పబోయిందని ఇప్పుడు లీలగా గుర్తొచ్చింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ నాలుగూ అంకెలు కావు కూడా," అంది బోదిల్. పదహారు అయ్యాక ఒకటి పిల్లికి, ఒకటి పాస్టర్‌కి, ఒకటి తనకి అనేవాళ్ళట. ఇరవయ్యోది ఎవరికని ఇంగె అడిగితే, అది యంత్రం పెట్టినప్పుడు చెప్తానని దాటేసింది. తరువాత కాగితాన్ని ఒక వేలితో ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. "మీ నాన్న రాసినట్టు సంతకం పెట్టను. నేను అనుమతి ఇచ్చాను, అబద్ధమాడను. కానీ తప్పుడు లెక్కతో నా గొంతు ఊళ్ళు తిరగడానికి వీల్లేదు. ఇరవై పెట్టు. పెట్టలేకపోతే చెప్పు, నేనే వద్దని నాలుగు ముక్కలు రాసిస్తా."

నడవలో ఒక బూటు నేలకు తగిలిన చప్పుడైంది.

మారెన్ అక్కడే నిలబడి రికార్డు కంపెనీ విగ్గోకి ఫోను చేసింది. విగ్గో మంచివాడే, కోపెన్‌హాగన్‌వాడు. మాటకు ముందు ఒక నవ్వు, మాటకు తరువాత ఒక నవ్వు. నానమ్మ పాట విందని, అంత తీసిపారెయ్యాల్సిందేం కాదందని చెబితే, అయ్యో, పెద్దావిడకు నచ్చలేదా, పోనీలే, ఆ వయసువాళ్ళకు మన సంగీతం ఎక్కదులే అని ఓదార్చాడు. అది మెచ్చుకోలని విడమరిచి చెప్పే ఓపిక మారెన్‌కి లేకపోయింది. రేడియోవాళ్ళకు భక్తిగీతమని చెప్పింది ఎవరని అడిగింది. తనేనన్నాడు విగ్గో. పదకొండు అనే అంకెకు వాళ్ళ భాషలో ఉన్న మాట బోదిల్ యాసలో అతని చెవికి 'జీవం' అని వినిపించిందట. జీవం, జీవం అని మాటిమాటికీ వస్తుంటే ఇక భక్తిగీతం కాక ఏమవుతుందని అతని అమాయకపు ప్రశ్న.

ఒక్క అంకె సరిగ్గా వినబడక ఇంట్లో ఇంత రభస. మారెన్ నెత్తి పట్టుకుంది.

ఆ తరువాత ఇరవై సంగతి ఎత్తింది. ఈసారి విగ్గో నవ్వలేదు.

"చూడు మారెన్, పాట అందరికీ పంపేశాం. ఇప్పుడు మారిస్తే శుక్రవారం పోతుంది. శనివారం రేవు దగ్గర నీ కార్యక్రమం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అయినా ఇరవై ఏంటి? ఏ డీజే కలుపుతాడు దాన్ని ఇంకో పాటతో? డాన్సు చేసేవాళ్ళు లెక్కపెట్టరు నిజమే, వాళ్ళ కాళ్ళు లెక్కపెడతాయి. పదిహేడో దెబ్బకి అందరూ తడబడతారు."

"తడబడనీ."

"నువ్వు ఇన్నేళ్ళు కష్టపడింది దీనికోసమే కదా?"

"దీనికోసమే. మీకు నచ్చేలా మాట్లాడ్డం నేర్చుకున్నాను, మీకు నోరు తిరిగే పేరు పెట్టుకున్నాను. లెక్క కూడా మీ లెక్కే పెట్టమంటే పెట్టను. వేస్తే ఇరవైతో వెయ్యండి, లేకపోతే నా పాట నాకిచ్చెయ్యండి."

విగ్గో సాయంత్రం దాకా గడువిచ్చాడు. ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడం అయిపోయిందని చెప్పి ఫోను పెట్టేసింది. పెట్టేశాక కుర్చీలో కూర్చుంది. శనివారం కార్యక్రమం కోసం ఆమె ఆరేళ్ళు ఎదురుచూసింది. అది పోతుందేమోనన్న బాధ ఉంది, అయినా అన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మైకు తెచ్చి కప్పుల మధ్య నిలబెట్టింది. చేతులు ఊరికే ఉంటే లెక్క రాదని బోదిల్ బల్లగుడ్డ కుచ్చులు అందుకుంది. ఒక్కో పోగునూ గాలంలా పట్టి, బొటనవేలితో ఒత్తి, పక్కకు వదుల్తూ మొదలుపెట్టింది. ఊలు చెప్పులోని పాదం నేలను తట్టింది. ఒకటి. రెండు. మూడు. మూడేళ్ళలో గొంతు ఇంకాస్త అరిగింది కానీ కాలు ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"పదహారు," అంది బోదిల్. "ఒకటి పిల్లికి. ఒకటి పాస్టర్‌కి. ఒకటి నాకు."

కాలు తట్టింది. మాట రాలేదు.

మళ్ళీ మొదటినుంచి పెట్టింది. మళ్ళీ నాకు అన్నచోట ఆగింది. ఆమె పెదవులు కదిలాయి, వేళ్ళలో పోగు అలాగే ఉండిపోయింది. ఎవరైనా మరిచిపోయింది అనుకుంటారు. మరిచిపోలేదు. యాభై మూడేళ్ళ కిందట నవంబరులో ఓలుఫ్ పడవ తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నం కూడా బోదిల్ కొట్టంలో కూర్చుని లెక్కపెడుతూనే ఉంది. ఆ తరువాత ఆ కొట్టం గడప తొక్కలేదు. ఆ ఇరవయ్యో మాట మళ్ళీ ఆమె నోట ఎవరూ వినలేదు. ఇందాకటినుంచి ఇరవై ఇరవై అని పట్టుబట్టింది తనే. తీరా ఆ మాట దగ్గరకు వచ్చేసరికి నోరు పెగల్లేదు.

మూడోసారి పెట్టింది. మారెన్ ఇక చాలు నానమ్మా అనబోయింది.

"ఒకటి పిల్లికి. ఒకటి పాస్టర్‌కి. ఒకటి నాకు."

"ఒకటి ఇంటికి రావలసినోడికి."

తోర్‌కిల్ నడవ గుమ్మంలో ఉన్నాడు. కోటు వేసుకుని, ఒక కాలికి బూటుతో. తాళం మీద సరిగ్గా దెబ్బకు దెబ్బ పడేలా అన్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పక్కన కూర్చుని ఆల్చిప్పలు అందించినవాడు అతనే. ఆ గొంతులో మందిరం అధ్యక్షుడు లేడు. బోదిల్ కొడుకు వైపు చూడకుండా పోగు పక్కకు వదిలింది. ఇంగె చేత్తో నోరు మూసుకుంది.

చాలాసేపటికి గానీ అతను యంత్రం మీద వెలుగుతున్న ఎర్రదీపం చూడలేదు.

"నా గొంతు పడింది. చెరిపెయ్యి దాన్ని," అన్నాడు.

మారెన్ చెయ్యి కదల్లేదు. బోదిల్ కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసుకుంది.

"చెరిపేస్తే నేనిప్పుడే రాసిస్తాను, నా గొంతు వద్దని," అంది. "నీకు కావలసిందదేగా. పాట ఆగిపోతుంది. ఉంచితే మాత్రం ఈ కాగితంతో పొయ్యి రాజేస్తా. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పరా."

"అమ్మా, నేను అధ్యక్షుణ్ణి."

"నువ్వు ఓలుఫ్ కొడుకువి కూడా."

తోర్‌కిల్ ఏదో అనబోయాడు. ఇంతలో వాకిట్లో కారు ఆగింది. రెండు తలుపులు పడిన చప్పుడు, కంకర మీద బూట్ల చప్పుడు. నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఆ ఊళ్ళో ఎవరూ ఆలస్యంగా రారు. గంట మోగింది.

తలుపుకు అందరికంటే దగ్గరగా ఉన్నది తోర్‌కిలే. చెయ్యి గొళ్ళెం మీదకు వెళ్ళింది. అక్కడే ఆగి, భుజం మీదుగా కూతురి వైపు తిరిగి చూశాడు. అంత పెద్దమనిషి ఆమెను బతిమాలుతున్నట్టు చూడడం మారెన్ పుట్టాక ఇదే మొదటిసారి. ఆమెకు జాలేసింది. జాలేసినంత మాత్రాన తగ్గుదామని మాత్రం అనిపించలేదు. స్పీకరును రికార్డు యంత్రానికి కలిపి, గొంతు ఆఖరు దాకా పెంచింది.

"తలుపు తియ్యి నాన్నా," అంది. "వాళ్ళు కూడా ఇంతవరకూ వినలేదుగా."

అని మీట నొక్కింది.